జార్జ్ ఫాక్స్ యూనివర్సిటీలో చదివి పైకొచ్చినవాళ్లు మీకు తెలుసా?

నమస్తే అండి. మా అమ్మాయి అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం న్యూబర్గ్‌లోని జార్జ్ ఫాక్స్ యూనివర్సిటీలో ఇంజినీరింగ్‌కి అప్లై చేస్తానంటోంది. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు 1885లో అకాడమీగా మొదలుపెట్టిన చిన్న క్రైస్తవ విద్యాసంస్థ అది. తర్వాత అమెరికా అధ్యక్షుడైన హెర్బర్ట్ హూవర్ కుర్రాడిగా ఆ అకాడమీలోనే చదివాడు, డిగ్రీ మాత్రం స్టాన్‌ఫర్డ్‌లో. ఆధ్యాత్మిక రచయిత రిచర్డ్ ఫాస్టర్ అయితే అక్కడి పట్టభద్రుడే.

నాకు కావలసింది అంత పెద్ద పేర్లు కాదు. ఈమధ్య అక్కడ ఇంజినీరింగ్ పూర్తిచేసినవాళ్లు ఎక్కడ స్థిరపడ్డారు? పోర్ట్‌లాండ్ వైపు కంపెనీలు ఆ డిగ్రీకి విలువిస్తాయా? చిన్న కాలేజీ అని వద్దనాలని లేదు, కానీ టెన్షన్‌గా ఉంది. అక్కడ చదివినవాళ్లు, వాళ్లతో పనిచేసినవాళ్లు దయచేసి చెప్పండి.