అప్‌డేట్: మరియమ్మ ప్రింటు రినైసాన్స్ శైలిదే

మరియమ్మ, ఇద్దరు పసిపిల్లలు ఉన్న పాత ప్రింటు రినైసాన్స్ (ఐరోపాలో సుమారు 15, 16 శతాబ్దాల కళ) శైలిదా, దాని తర్వాత వచ్చిన బరోక్‌దా అని ఇంతకుముందు అడిగాను కదా, తేలింది. ఇటలీ చిత్రకారుడు రఫాయెల్ 1505–06లో చెక్క పలక మీద వేసిన ‘పచ్చికలో మడోన్నా’కు (మడోన్నా అంటే మరియమ్మే) నకలు అది. అసలుది వియన్నాలోని కున్స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియంలో ఉంది.

బొమ్మలను త్రిభుజంలో అమర్చడం రినైసాన్స్ పద్ధతి అని మీరు చెప్పినట్టే, ముందు స్కేలు పెట్టి చూశాను. పైన మరియమ్మ తల, ఎడమ కింద మోకరిల్లిన బాల యోహాను, కుడి కింద ఆమె చాపిన పాదం. మూడూ కలిపితే నిఖార్సయిన త్రిభుజం! బరోక్‌లో అయితే సాధారణంగా బొమ్మలు ఏటవాలుగా కదులుతాయి, వెనక చీకటి కమ్ముతుంది, వెలుగు ఒక పక్క నుంచే కొడుతుంది. ఇక్కడ వెలుగు మెత్తగా పరుచుకుంది, దూరపు కొండలు పోనుపోను నీలంగా పలచబడ్డాయి.

రంగుతో మాత్రం జాగ్రత్త. ఎర్ర గౌను, నీలి పైవస్త్రం మధ్యయుగంలోనూ బరోక్‌లోనూ ఉన్నవే, వాటిని బట్టి ఏదీ తేలదు. పైగా ఎండ తగిలిన ప్రింట్లలో ఎరుపు, పసుపు ముందు వెలిసి బొమ్మంతా నీలంగా దిగుతుంది. అందుకే ముందున్న గడ్డి, మట్టి రంగులు నిలిచాయో లేదో చూశాకే కొండల నీలాన్ని రినైసాన్స్ గుర్తుగా నమ్మాలి. తల చుట్టూ సన్నటి బంగారు వలయం ఉందని మధ్యయుగం అనేయొద్దు, రఫాయెల్ కూడా వేశాడు. అసలు చిత్రంలో గౌను మెడ అంచున రోమన్ అంకెల్లో ఉండే సంవత్సరం చిన్న ప్రింట్లలో కనబడదు.