వేట నిషేధానికి ముందు బోటు ఇంజన్ సర్వీసు: ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయి, హెడ్ విప్పాలా?

దుగరాజపట్నం_బోటు
రెండు సిలిండర్ల ఇన్‌బోర్డ్ డీజిల్. ఇంజన్ లోపల కూలెంట్ తిరుగుతుంది, దాన్ని చల్లార్చే హీట్ ఎక్స్ఛేంజర్‌కు సముద్రం నీళ్లు వస్తాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు నిషేధం, బోటు కదలదు. ఆలోపు సర్వీసు పూర్తి చేయాలి. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది. కూలెంట్ మాత్రం చుక్క తగ్గలేదు. హెడ్ గాస్కెట్ (సిలిండర్ల మీది మూత అయిన హెడ్ కింద ఉండే సీలు) పోయిందంటున్నాడు మెకానిక్. నిజమేనా? ఆయిల్ ఇప్పుడే మార్చాలా, జూన్‌లో మార్చినా సరిపోతుందా? సామాన్లకు తిరుపతి వెళ్తున్నాను, ఏమేం తేవాలో కూడా చెప్పండి.

డీజిల్_సూళ్లూరుపేట
హెడ్ జోలికి వెళ్లొద్దు అన్నా, ఇప్పుడే. గాస్కెట్ దగ్గర నీళ్లు ఆయిల్‌లోకి దిగితే అవి కూలెంట్ నీళ్లే అయ్యుండాలి, ట్యాంకులో మట్టం పడిపోవాలి. మీకు పడలేదు. అంటే బయటి ఉప్పునీళ్లు వస్తున్నాయి.

సముద్రం నీళ్లు తోడే పంపు బెల్టుతో తిరుగుతుందా, నేరుగా ఇంజన్ గేరుతో తిరుగుతుందా చూడండి. గేరు పంపైతే మొదటి అనుమానం దాని మీదే. ఆ షాఫ్టు మీద రెండు సీళ్లుంటాయి: ఒకటి నీళ్ల వైపు, ఒకటి ఆయిల్ వైపు. రెండింటి మధ్య బాడీకి అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. నీళ్ల సీలు అరిగితే నీళ్లు, ఆయిల్ సీలు అరిగితే ఆయిల్ ఆ రంధ్రంలోంచి కారి మనకు తెలియాలి, దాని పని అదే. మన వైపు పులికాట్ బురద, ఉప్పు కలిసి ఆ రంధ్రం గట్టిగా పూడిపోతుంది. ఇక కారడానికి దారిలేక నీళ్లు ఆయిల్ సీలు దాటి సంపులోకి (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) పోతాయి. పంపు కింద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటే సన్నటి తీగతో పొడిచి చూడండి. ఇంజన్ నడుస్తుండగా అక్కడ చుక్కలు పడితే మీ దొంగ దొరికినట్టే.

పంపు విప్పాక సీలు ఒక్కటే మార్చి బిగించేయకండి. షాఫ్టు మీద సీలు కూర్చునే చోట గోరు పెట్టి గీయండి. గోరు గాడిలో తట్టుకుంటే షాఫ్టు కూడా మార్చాలి, లేదంటే కొత్త సీలూ నెలలోపే కారుతుంది. సీళ్లు బేరింగుల షాపులో దొరుకుతాయి, పాత సీలు మీద అచ్చేసిన సైజు చూపిస్తే చాలు.

ఇంజన్_రూమ్_తిరుపతి
పై మాటకు ఒకటి కలుపుతాను. పంపు బాగుంటే ఎగ్జాస్ట్ వైపు చూడండి, పంపు తోడిన సముద్రం నీళ్లు పొగతో కలిసి అటే బయటికి పోతాయి. స్టార్ట్ కాలేదని సెల్ఫ్ కొడుతూనే ఉంటే పంపు నీళ్లు తోడుతూనే ఉంటుంది, వాటిని బయటికి నెట్టేంత పొగ ఉండదు. మఫ్లర్ నిండి నీళ్లు ఎగ్జాస్ట్ వాల్వు దారిన సిలిండర్‌లోకి వస్తాయి. రెండు మూడుసార్లకు స్టార్ట్ కాకపోతే సముద్రపు వాల్వు (బోటులోకి సముద్రం నీళ్లు వచ్చే చోటిది) మూసి కొట్టండి, అందుకున్న వెంటనే తెరవండి.

ఆయిల్ సంగతి: ఖచ్చితంగా ఇప్పుడే, అదీ సీలు పని అయ్యాకే. పాత ఆయిల్‌లో ఆమ్లం, మసి ఉంటాయి. మీదాంట్లో ఉప్పునీళ్లు కూడా ఉన్నాయి. రెండు నెలలు కదలకుండా ఉంటే బేరింగులనూ క్రాంక్‌నూ అవి తినేస్తాయి. కొత్త ఆయిల్ పోసి పదిహేను నిమిషాలు వేడెక్కేదాకా నడిపి, డిప్‌స్టిక్ గొట్టంలోంచి చేతిపంపుతో లాగేయండి. రంగు తేటపడేదాకా మళ్లీ పోయండి, సాధారణంగా రెండు మూడు మార్పులు పడతాయి. ముందు రెండింటికీ చౌక రకం చాలు. చివరిసారి మాన్యువల్ చెప్పిన గ్రేడు (చాలా ఇంజన్లకు 15డబ్ల్యూ-40), దాంతోపాటు కొత్త ఫిల్టర్. ఫిల్టర్ రబ్బరుకు ఆయిల్ రాసి, అది ఆనాక ఇంకో ముప్పావు చుట్టు చేత్తోనే బిగించండి. గేర్‌బాక్స్ ఆయిల్ వేరు. కొన్నిటికి ఇంజన్ ఆయిల్, కొన్నిటికి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల ఆయిల్). ప్లేటు మీద చూడకుండా పోయొద్దు.

నీళ్లపంపు_నాయుడుపేట
పంపు విప్పుతున్నారు కాబట్టి ఇంపెల్లర్ (లోపల తిరిగే రబ్బరు రెక్కల చక్రం) కూడా మార్చండి. రెక్క మొదట్లో వంచి చూస్తే పగుళ్లు కనిపిస్తాయి. ఒక్క రెక్క తక్కువున్నా ఆ ముక్క దొరికేదాకా వెతకండి; అది హీట్ ఎక్స్ఛేంజర్ నోట్లో అడ్డంపడి ఇంజన్‌ను వేడెక్కిస్తుంది. కొత్తది బిగించేటప్పుడు గ్లిజరిన్ గానీ సబ్బునీళ్లు గానీ రాయండి, గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది. ఎక్స్ఛేంజర్‌లో జింక్ కడ్డీ (మిగతా లోహం బదులు ఉప్పునీళ్లకు తను అరిగేది) సగానికి అరిగితే మార్చాలి. దాని మరలకు టేపు చుట్టొద్దు, లోహానికి లోహం తగలకపోతే జింక్ పని చేయదు.

ఆపే రోజు: సముద్రపు వాల్వు మూసి, స్ట్రైనర్ (నీళ్లలో చెత్తను ఆపే జల్లెడ) దగ్గర పైపు ఊడదీసి మంచినీళ్ల బకెట్‌లో ముంచి ఐడిల్‌లో నడపండి. బకెట్లు ముందే నింపి పెట్టుకోండి, పంపు ఎండిపోకూడదు. కొళాయి పైపు నేరుగా తగిలించొద్దు, ఆగి ఉన్న ఇంజన్‌లోకి ఒత్తిడితో నీళ్లు వెళ్తాయి. తర్వాత ఇంపెల్లర్ తీసి కవర్లో పెట్టి తాళంచెవికి కట్టేయండి. అలాగే వదిలేస్తే రెండు నెలలకు రెక్కలు వంగినట్టే ఉండిపోతాయి. డీజిల్ ట్యాంకు నిండుగా ఉంచండి, ఖాళీ ఉంటే లోపల తేమ పడుతుంది.

దుగరాజపట్నం_బోటు
గేరు పంపే. రంధ్రం పూర్తిగా పూడిపోయి ఉంది, పొడవగానే నీళ్లు పడ్డాయి. సీళ్లు, ఇంపెల్లర్, ఆయిల్, రెండు ఫిల్టర్లు రాసుకున్నాను. డీజిల్ ఫిల్టర్ కూడా మారిస్తే గాలి ఎలా తీయాలి? కూలెంట్‌లోకి బోరు నీళ్లు పోయొచ్చా?

డీజిల్_సూళ్లూరుపేట
బోరు నీళ్లు వద్దు, సున్నం కట్టి సన్నటి గొట్టాలు పూడిపోతాయి. డిస్టిల్డ్ నీళ్లు, కూలెంట్ సగం సగం.

గాలి తీయడం: డీజిల్ ఫిల్టర్ పైనున్న స్క్రూ రెండు చుట్లు వదులు చేసి, ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న పంపు మీట నొక్కుతూ ఉండండి. నురుగు ఆగి బుడగలు లేని డీజిల్ వచ్చాక, మీట నొక్కుతూనే బిగించండి. తర్వాత ఇంజెక్షన్ పంపు స్క్రూ దగ్గరా ఇలాగే. అప్పటికీ అందుకోకపోతే నాజిళ్ల (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేవి) దగ్గర పైపు నట్లు ఒక చుట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టండి, డీజిల్ చిమ్మగానే బిగించండి. చిమ్మే చోట చెయ్యి పెట్టొద్దు, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. మీట నొక్కినా గట్టిదనం తెలియకపోతే ఆ చిన్న పంపును నడిపే క్యామ్ (ఇంజన్‌తో తిరిగే గడ్డ) దాని మీద ఆగి ఉంటుంది, ఇంజన్‌ను చేత్తో ఒక చుట్టు తిప్పి మళ్లీ నొక్కండి.