సమస్యాపూరణం: తుప్పు పట్టెనేని తొలఁగు ముదిమి

నిర్వాహకుడు: ఈ వారం విషయం కావిరంగు. ఆటవెలది చివరి పాదం ఇచ్చాను. సన్యాసి కాషాయం వైపు అందరూ వెళ్తారు కాబట్టి దాన్ని వదిలి, కావిమట్టి (ఇనుప తుప్పు వల్ల రంగు వచ్చిన మట్టి) మీద రాయండి.

శిలాక్షరి:
గుహల గోడమీఁద గుఱ్ఱపు బొమ్మను
మట్టి రంగుతోడ మనిషి దీర్చె;
ఇనుము మున్నె చివికె నేమి చేయును గాలి?
తుప్పు పట్టెనేని తొలఁగు ముదిమి.

నిర్వాహకుడు: మూడో పాదమే పద్యానికి ప్రాణం. ముందే తుప్పైన ఇనుము కాబట్టి రంగు ఇక చెడదు. ఫ్రాన్స్‌లోని లాస్కో గుహలో పసుపు కావి గుర్రాలు వేల ఏళ్ళుగా అలాగే ఉన్నాయి. దక్షిణాఫ్రికా బ్లోంబోస్ గుహలో దొరికిన గీతల కావిముక్క ఇంకా పాతది, సుమారు 75,000 ఏళ్ళది.

వానచినుకు: చిన్న అభ్యంతరమండీ. గాలి ఏమీ చేయదంటే ఎలా? సందర్శకుల ఊపిరి తేమకు గోడలు చెడుతున్నాయనే కదా లాస్కోను 1963లో మూసేశారు!

శిలాక్షరి: పాచి పట్టింది గోడకండీ, రంగులోని తుప్పు తుప్పుగానే ఉంది.

వానచినుకు:
ఇనుప తలుపు మీఁద నెఱ్ఱని పూఁతకై
తుప్పుపొడియె నూనెతోడఁ గలియు;
వానకింక నినుము భయపడ దేనాఁడు;
తుప్పు పట్టెనేని తొలఁగు ముదిమి.

నిర్వాహకుడు: రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, ఇనుముకు ముందుగా వేసే ఎర్ర పూత! యతులన్నీ సరిపోయాయి. తడిని ఆపేది ప్రధానంగా నూనె పొరే గాని, ఆ మాత్రం అతిశయోక్తి పద్యానికి చెల్లుతుంది. 'ఏనాఁడు' మాత్రం మరీ ధీమా. పూత పెచ్చులూడితే మళ్ళీ వేయాల్సిందే.

ఎర్రమన్ను:
పండుటాకు వన్నె పసిమి మట్టికి నిప్పు
పెట్ట నీరు పోయి పెదవి పండె;
మంట యిచ్చినట్టి మడుపు తాంబూలమా?
తుప్పు పట్టెనేని తొలఁగు ముదిమి.

నిర్వాహకుడు: ఊహ చాలా బాగుంది. పసుపు కావిని సుమారు 300 డిగ్రీల దాకా కాలిస్తే అందులో కలిసి ఉన్న నీరు పోయి ఎర్రబడుతుంది. చిక్కల్లా అన్వయంలో. పసుపు మట్టి అప్పటికే తుప్పు. ముదిమిని తొలగించింది మంట, తుప్పు కాదు. సమస్య పాదం విడిగా వేలాడుతోంది. మూడో పాదం ఇలా మారిస్తే?

వట్టి యినుమునకును వచ్చునే యీ సొంపు?

ఎర్రమన్ను: అన్వయం కుదిరింది గాని తాంబూలం పోయిందండీ. దాని కోసమే పద్యం రాశాను.

శిలాక్షరి: నా ఓటూ తాంబూలానికే. అన్వయం కోసం రెండో పాదాన్ని కదపండి.

నిర్వాహకుడు: సరే, రెండు పాఠాలూ ఉంచుదాం. వానచినుకు గారి ప్రైమర్ ఊహతోనే కందం ఎవరైనా ప్రయత్నిస్తారా?