డిప్రెషన్ మాత్ర పనిచేసేది నాడీకణాల మీదనా, వాటి పక్కనున్న కణాల మీదనా?

కాజీపేట జంక్షన్: వాట్సాప్‌లో ఓ ఫార్వర్డ్ తిరుగుతోంది. మెదడులో కబుర్లు మోసే సెరొటోనిన్ అనే రసాయనం తగ్గితే డిప్రెషన్ వస్తుందనడానికి గట్టి ఆధారం లేదని 2022లో లండన్ పరిశోధకులు తేల్చారట, కాబట్టి మాత్రలు దండగట. మొదటి మాట సరే, రెండోది ఎక్కడినుంచి ఊడిపడింది? మాత్ర వేసుకున్న కొన్ని గంటల్లోనే సెరొటోనిన్ పెరుగుతుంది, మనిషి తేరుకోవడానికి వారాలు పడుతుంది. ఆ మధ్యకాలపు గుట్టు నాడీకణాల్లోనే ఎందుకు వెతకాలి? పక్కనే వాటికి తోడుగా పనిచేసే గ్లియల్ కణాలున్నాయి కదా!

హంటర్ రోడ్: ఊహ బాగానే ఉందన్నా, ఆధారం పెట్టు.

కాజీపేట జంక్షన్: చికాగోలో రాసెనిక్ అనే శాస్త్రవేత్త బృందం 2016లో ఎలుక గ్లియల్ కణాలకు ఈ మందులు పెట్టింది. వాటిలో సెరొటోనిన్‌ను కణంలోకి లాగే ట్రాన్స్‌పోర్టరే లేదు. అంటే మందు పట్టుకోవాల్సిన గొళ్లెమే లేదు. అయినా కణం పొరలో కొవ్వు చిక్కగా ఉండే చోట్ల మందు మెల్లగా పేరుకుంది, అక్కడ ఇరుక్కుపోయిన, కణం లోపలికి సంకేతాలు అందించే జి ప్రొటీన్ బయటపడి పనిలోకి దిగింది. దీనికి రోజులు పట్టింది. డిప్రెషన్ మీద త్వరగా పనిచేసే మత్తుమందు కెటమిన్‌తోనైతే 15 నిమిషాలే.

హంటర్ రోడ్: అవి కణితి నుంచి తీసి గిన్నెలో పెంచిన కణాలు తమ్మీ, మనిషి తల కాదు. పైగా 2021లో ఫిన్లాండ్ వాళ్లు ఈ మందులు నాడీకణాల పెరుగుదలకు తోడ్పడే టీఆర్‌కేబీ అనే గ్రాహకానికి నేరుగా అతుక్కుంటాయని చూపారు. కథ మళ్లీ నాడీకణం దగ్గరికే వచ్చింది. మెదడుకు కాపలా కాసే గ్లియల్ కణాలు, అదే మైక్రోగ్లియాను చల్లబరుస్తుందని మినోసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మీద పెట్టుకున్న ఆశ ఏమైంది? జర్మనీలో మొండి డిప్రెషన్ ఉన్నవాళ్లకు అదనంగా ఇచ్చి చూస్తే ఉత్తుత్తి మాత్ర కన్నా మేలేమీ కనబడలేదు.

భద్రకాళి చెరువు: మీ కణాలు ఎటన్నా పోనీయండి. అదే ఫార్వర్డ్ చూసి మా అత్తమ్మ మాత్రలు ఒక్కసారే బంద్ పెట్టింది. నాలుగో రోజు చాటలో బియ్యం ఏరుతూ ఆగిపోయి, "తలల కరెంటు కొట్టినట్టు అయితాంది బిడ్డా" అన్నది. డాక్టర్ మళ్లీ మొదలుపెట్టించి, నెలల మీద కొంచెం కొంచెం తగ్గించారు. ఆ స్ట్రిప్ ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది.

కాజీపేట జంక్షన్: అక్కా, నేను ఆపమనలేదు. ఎలా పనిచేస్తుందో తెలియకపోవడం వేరు, పనిచేయకపోవడం వేరు. కానీ హంటర్ రోడ్ అన్నా, 1998లో డిప్రెషన్ వంశంలోనే ఉన్నవాళ్ల మెదళ్లు చనిపోయాక పరిశీలిస్తే, ముందుభాగంలో ఒకచోట తగ్గి కనబడినవి గ్లియల్ కణాలే. నాడీకణాలు కాదు.

హంటర్ రోడ్: తగ్గినందుకు జబ్బు వచ్చిందా, జబ్బు వచ్చి తగ్గాయా? అది చెప్పు ముందు.