ల్యాబ్ రిపోర్టులో సిమిలారిటీ 34 శాతం, మార్కులు సున్నా. యూజీసీ రూల్ చూపించి అడగొచ్చా?

స్వర్ణముఖి_కుర్రోడు
అన్నలూ అక్కలూ, తిరుపతిలోనే ఒక కాలేజీలో (పేరు వద్దులే) సెకండ్ సెమ్ చదువుతా ఉండా. మాకొక ఇంటర్‌డిసిప్లినరీ సైన్స్ కోర్సు ఉండాది, 4 క్రెడిట్లు, కెమిస్ట్రీ బయాలజీ జియాలజీ ముగ్గురూ కలిసి చెప్తారు. అందులో నీళ్ళ మీద ఒక ప్రాక్టికల్. మా ఇంటి దగ్గర బోరు నీళ్ళు, కళ్యాణి డ్యాం కుళాయి నీళ్ళు సీసాల్లో పట్టుకొచ్చి హార్డ్‌నెస్ (నీళ్ళ కఠినత్వం) చూసి, బోరు నీళ్ళు అట్లా ఎందుకుండాయో కింద రాళ్ళని బట్టి రాయాల. ప్రయోగం ఇద్దరిద్దరు చేసినాం కాబట్టి రీడింగులు ఒకటే, రిపోర్టు మాత్రం ఎవరిది వాళ్ళే రాసుకున్నాం. ఇప్పుడు రాత వేరే రాతలతో ఎంత కలుస్తాదో చూసే సాఫ్ట్‌వేర్‌లో సిమిలారిటీ 34 శాతం వచ్చిందని ఇద్దరికీ సున్నా వేసినారు. కెమిస్ట్రీ సారేమో డేటా పంచుకోండి అని ఆయనే చెప్పినారు, జియాలజీ మేడమేమో రెండూ ఒకే మాదిరి ఉంటే కాపీనే అంటారు. మా రూమ్మేటు యూజీసీ రూల్ ఒకటి చూపించినాడు, 10 నుంచి 40 లోపల వస్తే మళ్ళీ రాసి ఇస్తే చాలంట. అది ప్రింట్ తీసుకోని పోయి అడగాలని ఉండాది. పైగా రిలేటివ్ గ్రేడింగ్ అంటున్నారు, గ్రేడు ఎంత పడిపోతాదో ఏమో. తెలిసినోళ్ళు చెప్పండి ప్లీజ్

అలిపిరి_అన్న
తమ్ముడూ ఆ ప్రింటు పట్టుకోని మాత్రం పోవద్దు, అదే ప్రింటులో ఇంకో లైను చూపించి పంపించేస్తారు. మీ రూమ్మేటు చెప్పింది 2018 నాటి యూజీసీ రెగ్యులేషన్స్. 10 శాతం లోపు ఏమీ లేదు, 10 నుంచి 40 అయితే ఆరు నెలల్లోపు సరిచేసి ఇవ్వాల, 40 నుంచి 60 అయితే ఏడాది పాటు మళ్ళీ ఇచ్చేదానికి లేదు, 60 దాటితే రిజిస్ట్రేషనే క్యాన్సిల్. అంతవరకు కరెక్టే. కానీ అదంతా థీసిస్, డిసర్టేషన్, పేపర్లకి. అసైన్‌మెంట్లు, టర్మ్ పేపర్లు, ప్రాజెక్ట్ రిపోర్టులు, ఆన్సర్ స్క్రిప్టులు దీంట్లోకి రావని డెఫినిషన్‌లోనే రాసి ఉంది, ఎవురూ ఆ పేజీ చదవరు. కాబట్టి నీకు వర్తించేది మీ కాలేజీ రూలు, ఇంకా ముఖ్యంగా సెమ్ మొదట్లో ఇచ్చిన కోర్సు హ్యాండవుట్. అందులో గ్రూపు పని గురించి ఏముందో చూడు, ఏమీ లేకపోతే అదే నీ పాయింటు.

బ్యూరెట్_అక్క
నేను టీచింగ్ అసిస్టెంటుగా ఇట్లాంటి రిపోర్టులు బోలెడు దిద్దినా కాబట్టి కొంచెం పెద్దగా రాస్తా ఓపిగ్గా చదువు. 34 అనే అంకె వల్ల ఏమీ తేలదు, ఆ 34 ఎక్కడినుంచి వచ్చింది అనేది చూడాల. ఏ వాక్యం ఎక్కడ కలిసిందో సాఫ్ట్‌వేర్ రంగులేసి చూపించే రిపోర్టు ఇమ్మని అడుగు, ఇస్తారు. ప్రొసీజర్ అంతా ల్యాబ్ మాన్యువల్ నుంచే వస్తాది, అమోనియా బఫర్ కలిపి పీహెచ్ 10 దగ్గర పెట్టి, ఎరియోక్రోమ్ బ్లాక్ టీ అనే రంగు మారే సూచిక వేసి, వైన్ రెడ్ పోయి నీలం వచ్చేదాకా ఈడీటీఏ (నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియాన్ని పట్టుకునే ద్రావణం) వదలాల, దీన్ని ఎంతమంది రాసినా ఒకే మాదిరే ఉంటాది, నువ్వేమన్నా నీలం బదులు పచ్చ అని రాస్తావా. నువ్వు చెప్పిన యూజీసీ రూల్లోనే రెఫరెన్సులు, స్టాండర్డ్ ఈక్వేషన్లు, అనుకోకుండా కలిసే 14 వరస పదాల దాకా లెక్కలోంచి తీసేయమని ఉంది. నీకు రూలుగా పనికిరాకపోయినా పద్ధతిగా అడిగేదానికి పనికొస్తాది.

మేము కాపీ పట్టేది సాఫ్ట్‌వేర్‌తో కాదు. ఒక్కో బెంచీకి ఈడీటీఏ సీసా వేరే స్ట్రెంత్‌తో పెడతాం. 50 ఎంఎల్ బోరు నీళ్ళకి 0.01 మోలార్‌తో 12.4 ఎంఎల్ పడితే హార్డ్‌నెస్ 248 పీపీఎం వస్తాది. పక్క బెంచీలో రెట్టింపు స్ట్రెంత్, అంటే 0.02 మోలార్ సీసా ఉంటే అవే నీళ్ళకి 6.2 దగ్గరే రంగు మారాల. ఆ బెంచీ వాడు కూడా 12.4 అని రాసినాడంటే ఇంక సాఫ్ట్‌వేర్ ఎందుకు, అక్కడే అయిపోయింది.

మీ విషయంలో అసలు గొడవ వేరే. కెమిస్ట్రీలో డేటా పంచుకోవడం మామూలే, లెక్కలోళ్ళు బోర్డు దగ్గర కలిసి చేసి ఎవరింటికి వాళ్ళుపోయి రాసుకుంటారు, జియాలజీలో ఫీల్డ్ నోట్‌బుక్ ఎవరిది వాళ్ళకే, పక్కోడిది చూస్తే తప్పు. ముగ్గురూ కలిసి ఒక కోర్సు పెట్టినప్పుడు ఏ అలవాటు నడుస్తాదో ముందే కూర్చుని మాట్లాడుకోవాల్సింది వాళ్ళు, ఆ పని చెయ్యకుండా పిల్లల మీద సున్నా వేస్తే ఎట్లా. నాకైతే ఇది సరికాదు అనిపిస్తాది. ఇంతకీ డిస్కషన్ పేరా ఎవరు రాసినారు, ఇద్దరిదీ ఒకటేనా?

స్వర్ణముఖి_కుర్రోడు
డిస్కషన్ నాది నేనే రాసినా అక్కా. ఘాట్ రోడ్డు మీద ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ (రెండు కాలాల రాళ్ళ మధ్య కోట్ల ఏళ్ళ ఖాళీ) చూపించినారు కదా, కింద గ్రానైటు నైసు, పైన క్వార్ట్‌జైటు అని, ఆ రెండు లైన్లు ఇద్దరికీ ఒకటే వచ్చినాయి, హ్యాండవుట్లోవి. అబ్జర్వేషన్ నోటులో ఆ రోజే సారు సంతకం పెట్టినారు, రీడింగులన్నీ అందులో ఉండాయి.

బ్యూరెట్_అక్క
అదే నీ బలం. అబ్జర్వేషన్ నోటు, మీ ఇద్దరి ఫైళ్ళ ఎడిట్ హిస్టరీ తీసుకోని పో. ఆ రెండు లైన్లకి హ్యాండవుట్ అని సోర్సు రాయలేదు కదా, దానికి ఒక మార్కు కోస్తే కోసుకోమను.

లీలామహల్_లెక్కలు
గ్రేడు భయం గురించి ఎవురూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. ఆ రిపోర్టు మొత్తం 100 మార్కుల్లో ఎంతకి? 5కి అయితే నీ టోటల్ ఎంత పోయినా 5 మార్కులే. 10 పాయింట్ల స్కేల్లో ఏ అంటే 8, బీ ప్లస్ అంటే 7. ఒక గ్రేడు జారినావనుకో, 4 క్రెడిట్ల కోర్సు, సెమ్ మొత్తం 20 క్రెడిట్లు అయితే 4 బై 20, అంటే ఎస్‌జీపీఏలో (సెమ్ మొత్తం సగటు గ్రేడు) 0.2 తగ్గుతాది, అంతే. దానికి అన్నం మానేయొద్దు. రిలేటివ్ అంటే క్లాసులో ఎవరెక్కడ ఉన్నారో బట్టి కటాఫ్‌లు మారతాయి, నీ 5 మార్కులు ఎక్కడ పడతాయో ఇప్పుడే ఎవురూ చెప్పలేరు. కాకపోతే ఇంటర్లో బైపీసీ చదివినోళ్ళు, ఎంపీసీ చదివినోళ్ళు ఒకే కర్వు మీద నిలబడటం అనేది ఇంకో పెద్ద పంచాయితీ, అది వేరే థ్రెడ్‌లో మాట్లాడదాం.

నో_టెన్షన్_చిత్తూరు
అబ్బా ఎందుకీ వాదన, మేడమ్ దగ్గరకి పోయి సారీ చెప్పి మళ్ళీ రాసి ఇస్తాం అంటే అయిపోతాది. సార్లతో గొడవ పెట్టుకోని గెలిచినోడు లేడు.

అలిపిరి_అన్న
చెయ్యని దానికి సారీ చెప్తే అది ఫైల్లో ఒప్పుకున్నట్టు ఉంటాది బాసూ, రెండోసారి ఏదన్నా అయితే అదే బయటికి తీస్తారు. మర్యాదగా రాతపూర్వకంగా అడగడం గొడవ ఎట్లవుతాది? ముగ్గురికీ ఒకే మెయిల్ పెట్టు తమ్ముడూ, ఒక్కొక్కరి దగ్గరకి విడివిడిగా పోతే ముగ్గురూ మూడు రకాలుగా చెప్తారు. ఇంకోటి, మీ ఫ్రెండు ఏఐతో రాసినాడని సాఫ్ట్‌వేర్ ఏమన్నా చూపించిందా? అదైతే ఇంకా గట్టిగా అడగండి. ఓపెన్‌ఏఐ వాళ్ళే 2023 జూలైలో వాళ్ళ డిటెక్టర్ సరిగ్గా పట్టడంలేదని తీసేసినారు, ఇంగ్లీషు సొంత భాష కానోళ్ళ వ్యాసాల్ని డిటెక్టర్లు తప్పుగా ఏఐ అంటాయని స్టాన్‌ఫోర్డ్ వాళ్ళు అదే ఏడాది చూపించినారు. తెలుగు మీడియం నుంచి వచ్చి జాగ్రత్తగా చిన్న చిన్న వాక్యాలు రాసేవాడికి అది పెద్ద దెబ్బ.

స్వర్ణముఖి_కుర్రోడు
ఏఐ అని లేదన్నా, సిమిలారిటీ ఒక్కటే. హ్యాండవుట్ తీసి చూసినా, 'కాపీ చేసిన రిపోర్టుకు సున్నా' అని ఒక్క లైను తప్ప గ్రూపు డేటా గురించి ఏమీ లేదు. రిపోర్టు కూడా 5 మార్కులకే. మెయిల్ ముగ్గురికీ కలిపి రాస్తా ఉండా, రంగుల రిపోర్టు ముందు అడగాలా లేక మెయిల్లోనే అడిగేయాలా అక్కా?

బ్యూరెట్_అక్క
మెయిల్లోనే మొదటి లైనుగా అడుగు. అబ్జర్వేషన్ పేజీ ఫోటో తీసి జత చెయ్యి, తేదీ, సంతకం కనపడేట్టు.