సమస్య: "జూదమాడి బడికి సొబగు తెచ్చె"

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. పూరణలో ఎలిఫలెట్ నాట్ కథ ఉండాలి. ఆయన 1804 నుంచి 1866లో కన్నుమూసే దాకా, 62 ఏళ్లు, న్యూయార్క్ రాష్ట్రంలోని షెనెక్టడీలో యూనియన్ కాలేజీకి అధ్యక్షుడు. రాష్ట్ర రాజధాని ఆల్బనీలో శాసనసభ్యుల చుట్టూ తిరిగి, లాటరీ ద్వారా కాలేజీకి 2 లక్షల డాలర్లు వచ్చేలా 1814లో చట్టం చేయించారు. అదే చట్టం కొలంబియా కాలేజీకి డబ్బు బదులు ఒక తోట ఇచ్చి సరిపెట్టింది. ఆ తోట ఉన్నచోటే ఈనాడు న్యూయార్క్ నగరంలోని ఆకాశహర్మ్యాల సముదాయం రాక్‌ఫెల్లర్ సెంటర్!

హన్మకొండ మాస్టారు:

జూదమాడి పాండుసూనుఁడు రాజ్యమ్ము
నాలిఁ గూడ నోడి యడవి కేగె;
నాట్టు లాటరీల నడుపుచు నా పురిన్
జూదమాడి బడికి సొబగు తెచ్చె.

నిర్వాహకుడు: మాస్టారూ, మొదటి పాదం, చివరి పాదం ఒకే మాటతో మొదలై ఎదురెదురుగా నిలబడ్డాయి, చాలా బాగుంది. "నా పురిన్" మాత్రం పాదం నింపడానికి వచ్చినట్టుంది. "నడుపుచు నేర్పుతో" అంటే గణమూ యతీ చెడవు, అర్థమూ పెరుగుతుంది.

విజయవాడ సభ్యుడు:

నలుఁ డదేమి చేసి నగరమ్ము వీడెనో?
నాట్టు లాటరీల నడిపి యేమి
చేసె? ననుచు నడుగఁ జెప్పెద వినుఁడిట్లు:
జూదమాడి, బడికి సొబగు తెచ్చె.

నిర్వాహకుడు: ప్రశ్నల వరుసలోనే జవాబులు పేర్చే క్రమాలంకారంతో ముడి విప్పారు. నాకు ఇది మరీ నచ్చింది, ఎందుకంటే నాట్ తాను చీట్లు కొని ఆడినవాడు కాదు, లాటరీని నడిపించినవాడు. మీ పద్యంలో జూదం నలుడి పాలికి, సొబగు నాట్ పాలికి సరిగ్గా పంచారు.

గుంటూరు సభ్యురాలు: నేను నాట్ చేసిన పొయ్యి మీద మొదలుపెట్టాను: "బొగ్గు పొయ్యి చేసి యింటింట వెచ్చగా". ఇక్కడే ఆగిపోయాను.

నిర్వాహకుడు: అమ్మా, గణాలు సరిపోయాయి, యతి తప్పింది. "బొ"కు "యిం" కుదరదు. "బొగ్గు పొయ్యి చేసి పొలుపార వెచ్చగా" అనండి. అంత తేలిగ్గా అంటుకోని ఆంథ్రసైట్ బొగ్గును ఇంట్లో మండించే పొయ్యి అది. పొయ్యిల మీదే ఆయనకు దాదాపు 30 పేటెంట్లు ఉన్నాయి. ఈ పద్యం వదలకండి, పూర్తి చేయండి.

డాలస్ సభ్యురాలు:

పేదవారి కాసు వేలుగ లక్షలై
గోడలాయెఁ జదువుకోటలోన;
నేర మనెద రైన నేర్పరి యా నాట్టు
జూదమాడి బడికి సొబగు తెచ్చె.

హన్మకొండ మాస్టారు: "చదువుకోట" దగ్గర కాసేపు ఆగిపోయానమ్మా. ఆ కాసులు ఎవరివో చెప్పిన పూరణ ఇదొక్కటే. అయితే నేరం సంగతి ఎత్తితే దాని తర్వాతి కథ కూడా చెప్పాలి. 1850 తర్వాత శాసనసభ కాలేజీ లెక్కలు తవ్వించింది. కాలేజీ సొమ్ము, నాట్ సొమ్ము కలిసిపోయాయని నింద వచ్చింది. 1854లో, ఎనభై దాటిన వయసులో, ఆయన 6 లక్షల డాలర్లకు పైబడిన ఆస్తిని కాలేజీకి రాసిచ్చారు.

డాలస్ సభ్యురాలు: నిజమే మాస్టారూ. ఆ రాసివ్వడం లేకుండా నా పద్యం సగమే. మూడో పాదం మార్చాను:

ఆస్తి వ్రాసి యిచ్చి యా వృద్ధ గురు విట్లు

నిర్వాహకుడు: యతి కుదిరింది. "ఇట్లు" అన్న మాట పేదల కాసునూ, గోడలనూ, ఆస్తినీ కలిపి నాలుగో పాదానికి అందించింది. పాత పాదంలోని "నేర్పరి" పోయిందే అని నాకు కొంచెం బాధ. అయినా ఈ మార్పే ఉంచండి.