శ్రీనాథుని ఏడునూర్ల టంకాలు: చాటుపద్యం చరిత్రకు ఎంతవరకు సాక్ష్యం?

ప్రశ్న (పద్యపిపాసి): "కవిరాజు కంఠంబు కౌగిలించెను గదా పురవీథి నెదురెండ పొగడదండ" అనే శ్రీనాథుని సీసపద్యం మీద వ్యాసం రాస్తున్నాను. పన్ను బాకీ తీర్చలేక శిక్షకు గురైన కవి గోడు అది. 15వ శతాబ్దపు పన్ను వసూళ్ల గురించి ఈ ఒక్క పద్యం నుంచి ఏం రాబట్టవచ్చు? ఏడునూర్ల టంకాలన్న (టంకం అంటే నాణెం) లెక్కను నమ్మవచ్చా?

జవాబు (తాళపత్రం): ముందు మాటల అర్థాలు సరిచూసుకోండి. ఇక్కడ పొగడదండ పూలమాల కాదు, మెడకు తగిలించి ఎండలో నిలబెట్టే శిక్ష. నిగళయుగం కాళ్లకు సంకెళ్ల జత. వెదురుగొడియ ముంజేతికి పడేది, నల్లగుండు భుజానికెత్తే బండ. "పురవీథి", "నగరివాకిట" అన్న మాటలను వదలకండి; నగరి అంటే రాజభవనం. శిక్ష చెరసాలలో కాదు, జనం కళ్ల ముందు పడుతోంది. పరువు తీసి బాకీ రాబట్టడమన్నమాట. అందుకే ఒక్కో పాదంలో కవి గౌరవం ఒకటి, దాని మీద పడ్డ శిక్ష ఒకటి.

అసలు సరుకు సీసం చివర వచ్చే తేటగీతిలో (నాలుగు పాదాల చిన్న పద్యం) ఉంది. ఫలసాయాన్ని కృష్ణవేణమ్మ (కృష్ణానది) పట్టుకుపోయింది, నువ్వులూ పెసలూ పిట్టల పాలయ్యాయి. అయినా బాకీ అలాగే ఉంది. పండినదాంట్లో వంతు ఇచ్చే ఏర్పాటైతే, పంటతోపాటు రాజుగారి వంతూ మునిగేది. కాబట్టి ఇది ముందే ఖాయమైన మొత్తం, గుత్త లాంటిది. అదీ గింజల్లో కాదు, నాణేల్లో. నష్టమంతా సాగుదారుడిదే. నా దృష్టిలో ఈ పద్యంలో అన్నిటికన్నా విలువైన సాక్ష్యం ఇదే.

జవాబు (యతిమైత్రి): అంకె విషయంలో మాత్రం జాగ్రత్త. "ఎట్లు చెల్లింతు టంకంబు లేడునూర్లు" పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికీ మధ్యలో నియమిత చోట వచ్చే అక్షరానికీ ఉండాల్సిన పొంతన) "ఎ"కీ "ఏ"కీ. ఆరునూర్లు, ఐదునూర్లు, నాలుగునూర్లు, ఏది పెట్టినా యతి చెడుతుంది. దీనివల్ల ఒక మేలుంది: లేఖకుడి పొరపాటుతో అంకె మారే అవకాశం తక్కువ. ఒక చిక్కూ ఉంది: కవే యతి కోసం ఏడును ఎంచుకుని ఉండవచ్చు. "పెద్ద బాకీ" అని రాయండి, అంతవరకే. పొలం ఎంతో పద్యం చెప్పలేదు కనుక ఎకరానికి ఇంత అని లెక్క కట్టకండి.

ఇంకోటి, ఇది చాటువు, అంటే సందర్భాన్ని బట్టి చెప్పిన విడి పద్యం. కావ్యానికుండే అవతారిక (పీఠిక), ఆశ్వాసాంత గద్య (అధ్యాయం చివర కవి పేరు చెప్పే వచనం) దీనికి లేవు. నోటివెంట సాగివచ్చింది కనుక పాఠాంతరాలు చూసుకోవాలి. శ్రీనాథుడిదే అనడానికి ఆధారం సంప్రదాయమే, శాసనం కాదు.

పద్యపిపాసి: ధన్యవాదాలండీ. మరి రాజకీయం సంగతి? ఒడిశా గజపతుల అధికారులే శిక్షించారని రాయవచ్చా?

జవాబు (తాళపత్రం): పద్యంలో శిక్షించినవాడి పేరు లేదు, కాబట్టి అలా రాయకండి. ఉన్న పేరు వీరభద్రారెడ్డిది. శ్రీనాథుడు కాశీఖండం అంకితమిచ్చిన రాజమహేంద్రవరం ప్రభువు ఆయన. ఆ రెడ్డిరాజ్యం 15వ శతాబ్దం మధ్యలో కపిలేశ్వర గజపతి చేతికి పోయింది. "కాశికా విశ్వేశు గలసె వీరారెడ్డి" చాటువును దీని పక్కన పెట్టి చదవండి. అందులో చనిపోయిన పోషకుల పేర్లు వరసగా వస్తాయి, ఒక్కొక్కరూ ఏమిచ్చేవారో కూడా: రత్నాంబరాలు, దినవెచ్చం (రోజువారీ ఖర్చు), కస్తూరి, బంగారు పళ్లెంలో భోజనం. ఆస్థానకవి బతుకు ఏ ఆదాయాల మీద నిలిచిందో ఇంత వివరంగా చెప్పే పద్యాలు అరుదు. పోషకుడు పోతే అవన్నీ ఒక్కసారే ఆగిపోతాయి.

జవాబు (ఓరుగల్లు వీధి): ధరల కోసమైతే కాకతీయుల ఓరుగల్లును వర్ణించే క్రీడాభిరామం చూడండి. లక్ష్మణవజ్ఝల పూటకూళ్ల ఇంట కప్పురభోగి (మేలురకం బియ్యం) అన్నం, గోధుమపిండి వంట, పెసరపప్పు, అరటిపళ్లు, పెరుగు, అన్నీ కలిపి ఒక రూక (నాణెం). కానీ అది ప్రేమాభిరామమనే సంస్కృత రూపకాన్ని అనుసరించి రాసింది. కాకతీయ రాజ్యం 1323లో కూలిన తర్వాతిది. ఆ రూక చివరి కాకతీయ రాజు ప్రతాపరుద్రుడి కాలం నాటిదా, తెలుగు కవి నాటిదా తేల్చకుండా "కాకతీయుల నాటి భోజనం ధర" అని శీర్షిక పెట్టేస్తుంటారు. మీ వ్యాసంలో ఆ పొరపాటు రానివ్వకండి.